ఒకే ఒక్క వెబ్ పేజీతో ఇంటర్నెట్ ప్రోటోకాల్స్ నేర్చుకోవడం ఎలా? సైబర్ సెక్యూరిటీలో అడుగుపెట్టేవారికి ఒక అభ్యాసం

సైబర్ సెక్యూరిటీ నేర్చుకోవాలనుకునేవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "టీసీపీ, డీఎన్‌ఎస్, హెచ్‌టీటీపీ లాంటివి ఎంతవరకు తెలియాలి, వాటిని ఎక్కడ మొదలుపెట్టాలి?" ఇలా అడిగేవారిలో చాలామంది, నెట్‌వర్క్ పనులను పొరలుగా విడదీసి చూపే ఓఎస్ఐ నమూనాలోని ఏడు పొరల పేర్లను అప్పటికే కంఠస్థం చేసి ఉంటారు. అయితే బ్రౌజర్‌లో ఒక చిరునామా కొట్టినప్పటి నుంచి పేజీ కనిపించేవరకు తమ కంప్యూటర్ ఎవరితో ఏం మాట్లాడిందో వరుసగా చెప్పమంటే ఆగిపోతారు. ఇంటర్వ్యూలో అడిగేదీ, ఉద్యోగంలో చేరాక ఒక అలర్టును పరిశీలించేటప్పుడు అక్కరకొచ్చేదీ ఈ రెండో రకం జ్ఞానమే. కాబట్టి ఇక్కడ పొరల జాబితా ఇవ్వడం లేదు. మీ కంప్యూటర్ నుంచి బయలుదేరే ఒకే ఒక్క అభ్యర్థనను మొదటి ప్యాకెట్ (నెట్‌వర్క్‌పై ప్రయాణించే డేటా ముక్క) నుంచి చివరి ప్యాకెట్ వరకు మీ కళ్లతో మీరే చూసే పద్ధతిని వివరిస్తున్నాను.

ఈ అభ్యాసమంతా మీ సొంత కంప్యూటర్‌పైన, మీ సొంత ఇంటి నెట్‌వర్క్‌లో మాత్రమే చేయండి. కాలేజీ, హాస్టల్, ఆఫీసు వైఫైలో ప్యాకెట్లు పట్టడానికి ముందుగా అనుమతి తీసుకోవాలి. భారతదేశంలో సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షన్ అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్‌లోకి, నెట్‌వర్క్‌లోకి ప్రవేశించడాన్ని తప్పుగా పరిగణిస్తుంది. అదే పని దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలుశిక్ష పడే అవకాశం ఉంది. "నేర్చుకోవడానికే చేశాను" అన్న మాట మిమ్మల్ని కాపాడదు.

కావలసినవి

విండోస్, లినక్స్, మ్యాక్‌లలో ఏదైనా ఒక కంప్యూటర్ చాలు. ఖరీదైనది అక్కర్లేదు, భద్రతా పరీక్షల కోసం తయారైన కాళీ లినక్స్ కూడా ఇప్పుడే అక్కర్లేదు. ప్యాకెట్లను పట్టి (క్యాప్చర్ చేసి) చూపించే వైర్‌షార్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను దాని అధికారిక సైటు నుంచే దించుకోండి. పాత పుస్తకాల్లో ఈథీరియల్ అన్న పేరు కనిపిస్తే అది ఇదే. 2006లో పేరు మారింది. వెబ్ పేజీలను తెప్పించే కర్ల్ అనే చిన్న కమాండ్ ఇప్పటి విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ ముందే ఉంటుంది. కొన్ని లినక్స్‌లలో మాత్రం విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ఆరో అడుగు కోసం పైథాన్ కావాలి. వీటితోపాటు ఒక నోటుపుస్తకం తప్పనిసరిగా పెట్టుకోండి, ఎందుకంటే ప్రతి అడుగులోనూ ఏం కనిపిస్తుందో ముందుగా ఊహించి రాసుకుని, ఆ తర్వాతే తెరపై చూడాలి. ఊహ తప్పినచోటే మీరు నేర్చుకోవలసింది ఉంటుంది.

కమాండ్లనూ ఫిల్టర్లనూ ఇక్కడ పలికే విధంగా తెలుగులో రాశాను. టైప్ చేసేటప్పుడు వాటిని చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి.

అడుగు 1: మీ చిరునామాలు రాసుకోండి

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి "ఐపీకాన్ఫిగ్ /ఆల్" అని కొట్టండి. లినక్స్‌లో "ఐపీ అడ్రస్", "ఐపీ రూట్" అనే రెండు కమాండ్లు వాడండి. మ్యాక్‌లో నెట్‌వర్క్ సెట్టింగుల్లోనే అన్నీ దొరుకుతాయి. మీ ఐపీ చిరునామా, మీ నెట్‌వర్క్ కార్డు మ్యాక్ చిరునామా (కార్డుకు ఉండే గుర్తింపు సంఖ్య, మ్యాక్ కంప్యూటర్‌తో దీనికి సంబంధం లేదు), గేట్‌వే అంటే మీ రౌటర్ చిరునామా, సైట్ల పేర్లకు ఐపీ చిరునామాలు చెప్పే డీఎన్‌ఎస్ సర్వర్ చిరునామా, ఈ నాలుగింటినీ కాగితంపై రాసుకోండి.

మీ ఐపీ 192.168తో గానీ, 10తో గానీ, 172.16 నుంచి 172.31 వరకు ఉన్న అంకెలతో గానీ మొదలైతే అది ప్రైవేటు చిరునామా. ఇంటర్నెట్‌లో బయటివారికి కనిపించేది అది కాదు. 169.254తో మొదలైతే మాత్రం రౌటర్ మీకు చిరునామా ఇవ్వలేదని అర్థం. కనెక్షన్‌ను సరిచేసుకున్నాకే ముందుకు వెళ్లండి. వీపీఎన్ నడుస్తుంటే ఆపేయండి, లేకపోతే తర్వాత చూడబోయే ప్యాకెట్లన్నీ ఒకే సొరంగంలో దాగి కనిపిస్తాయి. ఉబుంటులో డీఎన్‌ఎస్ సర్వర్‌గా 127.0.0.53 కనిపించడం మామూలే. అది మీ కంప్యూటర్‌లోనే పనిచేసే మధ్యవర్తి. అసలు సర్వర్ ఏదో "రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్" చెబుతుంది.

అడుగు 2: వైర్‌షార్క్‌ను సిద్ధం చేసుకోండి

విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎన్‌పీక్యాప్ అనే డ్రైవర్‌ను కూడా అనుమతించండి. అది లేకపోతే వైర్‌షార్క్ తెరుచుకుంటుంది గానీ పట్టడానికి ఇంటర్‌ఫేస్ (వైఫై, ఈథర్నెట్ లాంటి నెట్‌వర్క్ దారి) ఏదీ చూపించదు. లినక్స్‌లో మీ యూజర్‌ను వైర్‌షార్క్ గ్రూపులో చేర్చి, ఒకసారి లాగ్ అవుట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. రూట్‌గా నడిపితే పని సులువుగా అవుతుందన్నది నిజమే, కానీ అలా చేయకండి. బయటి నుంచి వచ్చిన డేటాను విడదీసి చదివే ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా లోపాలు ఉండవచ్చు. దానికి సర్వాధికారాలు ఇవ్వకపోవడం మీరు చేసుకోవలసిన మొదటి భద్రతా అలవాటు.

తెరిచాక ఏ ఇంటర్‌ఫేస్ పక్కన గీత కదులుతోందో దాన్ని ఎంచుకోండి. రెండు నిమిషాలు పట్టి ఆపేయండి. మీరేమీ చేయకపోయినా వందల ప్యాకెట్లు కనిపిస్తాయి; కంగారు పడకండి, అప్‌డేట్లు, మెయిల్, క్లౌడ్ నిల్వలు ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటాయి.

ఇక్కడ దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. వైర్‌షార్క్‌లో రెండు రకాల ఫిల్టర్లు ఉంటాయి, వాటి రాత పద్ధతులు వేరు. పట్టకముందు పెట్టేదాన్ని క్యాప్చర్ ఫిల్టర్ అంటారు. అక్కడ "పోర్ట్ 53" అని రాస్తారు (పోర్టు అంటే ఒక్కో సేవకు ఉండే తలుపు నంబరు, 53 డీఎన్‌ఎస్‌ది). పట్టాక చూడటానికి పెట్టేది డిస్‌ప్లే ఫిల్టర్, అక్కడ "యూడీపీ.పోర్ట్ == 53" అని రాయాలి (యూడీపీ అంటే ముందుగా కనెక్షన్ కట్టకుండానే డేటా పంపే ప్రోటోకాల్). ఒకదాని రాతను రెండోచోట పెడితే పెట్టె ఎర్రగా మారుతుంది, సరైతే ఆకుపచ్చగా ఉంటుంది. మొదటి వారమంతా క్యాప్చర్ ఫిల్టర్ జోలికి వెళ్లకుండా అన్నీ పట్టి, తర్వాత డిస్‌ప్లే ఫిల్టర్‌తో వడకట్టుకోండి. పట్టకుండా వదిలేసిన ప్యాకెట్ తిరిగి రాదు.

అడుగు 3: ఏఆర్‌పీ, పక్కవారిని గుర్తుపట్టడం

డిస్‌ప్లే ఫిల్టర్‌లో "ఏఆర్‌పీ" అని పెట్టి కొన్ని నిమిషాలు పట్టండి. "ఫలానా ఐపీ ఎవరిది, నాకు చెప్పండి" అన్న ప్రశ్న, "అది నాది, నా మ్యాక్ చిరునామా ఇది" అన్న జవాబు కనిపిస్తాయి. ఐపీ చిరునామా తెలిసినా, ఒకే నెట్‌వర్క్‌లో ప్యాకెట్‌ను అందించడానికి మ్యాక్ చిరునామా కావాలి. దాన్ని కనుక్కోవడమే ఏఆర్‌పీ పని.

జవాబు చెప్పింది నిజంగా ఆ యంత్రమేనా అని ఏఆర్‌పీ సరిచూసుకోదు. 1982లో దీన్ని నిర్వచించినప్పుడు నెట్‌వర్క్‌లోని వారంతా నమ్మదగినవారేనన్న భావనతోనే రూపొందించారు. ఏఆర్‌పీ స్పూఫింగ్ అనే దాడి ఈ ఒక్క లోపంపైనే నిలబడి ఉంది: దాడి చేసేవారు "రౌటర్‌ను నేనే" అని జవాబిస్తే మీ కంప్యూటర్ నమ్ముతుంది.

సరిచూసుకోండి: "ఏఆర్‌పీ -ఏ" కమాండ్‌తో మీ రౌటర్ మ్యాక్ చిరునామా తెలుసుకోండి. ఇప్పుడు బయటి సర్వర్‌కు వెళ్తున్న ఏదైనా ఐపీవీ4 ప్యాకెట్‌ను తెరిచి, ఈథర్నెట్ భాగంలోని గమ్యం మ్యాక్ చూడండి. అది రౌటర్ మ్యాక్‌తో సరిపోవాలి. ఐపీ భాగంలో దూరపు సర్వర్ చిరునామా, ఈథర్నెట్ భాగంలో ఇంట్లోని రౌటర్ చిరునామా ఎందుకు ఉన్నాయో మీ మాటల్లో రాయగలిగితే ఈ అడుగు పూర్తయినట్టే. దూరపు సర్వర్ మ్యాక్ చిరునామా మీకు ఎన్నడూ కనిపించదు.

మొబైల్ హాట్‌స్పాట్ వాడేవారికి, ముఖ్యంగా జియో లాంటి నెట్‌వర్క్‌లలో, ఐపీవీ6 (ఐపీ కొత్త వెర్షన్, పాతది ఐపీవీ4) ప్యాకెట్లే ఎక్కువగా కనిపించవచ్చు. ఐపీవీ6లో ఏఆర్‌పీ ఉండదు. ఆ పనిని ఐసీఎంపీవీ6 అనే ప్రోటోకాల్ చేస్తుంది. మొదట్లో గందరగోళం లేకుండా ఉండేందుకు ఐదో అడుగులోని కర్ల్ కమాండ్‌లో "-4" చేర్చాను, అది ఐపీవీ4నే వాడమని చెబుతుంది.

అడుగు 4: డీఎన్‌ఎస్, పేరు నుంచి చిరునామాకు

పాత జవాబులు గుర్తుపెట్టుకుని ఉంటే కంప్యూటర్ కొత్తగా అడగదు, కాబట్టి ముందుగా విండోస్‌లో "ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్‌ఎస్" కొట్టండి. ఉబుంటులోనైతే "రిజాల్వ్‌సీటీఎల్ ఫ్లష్-క్యాషెస్". పట్టడం మొదలుపెట్టి "ఎన్‌ఎస్‌లుకప్ ఎగ్జాంపుల్.కామ్" అనండి. ఈ పేరును ఉదాహరణల కోసమే ప్రత్యేకంగా కేటాయించి ఉంచారు, నిశ్చింతగా వాడవచ్చు. ఇప్పుడు "డీఎన్‌ఎస్" అని ఫిల్టర్ పెట్టండి.

ప్రశ్న ప్యాకెట్‌లోనూ జవాబు ప్యాకెట్‌లోనూ ట్రాన్సాక్షన్ ఐడీ ఒకటే అయి ఉండాలి. దీన్ని మీరే పోల్చి చూడండి. "ఏ" రికార్డు ఐపీవీ4 చిరునామాను, "ఏఏఏఏ" రికార్డు ఐపీవీ6 చిరునామాను ఇస్తాయి. జవాబులో టీటీఎల్ ఎన్ని సెకన్లో చూడండి. అంతకాలం ఆ జవాబును దాచుకోవచ్చు. తర్వాత "నాపేరు.ఇన్వాలిడ్" లాంటి పేరు అడగండి. ఇన్వాలిడ్ అన్న చివరి భాగం ఎన్నటికీ ఉనికిలో ఉండకూడదని నిర్ణయించారు కాబట్టి "అలాంటి పేరు లేదు" అన్న జవాబు వస్తుంది. మాల్‌వేర్ సోకిన యంత్రాలు కొన్నిసార్లు ఇలాంటి లేని పేర్లను వరుసగా అడుగుతుంటాయి; ఆ జవాబు ఎలా ఉంటుందో ఇప్పుడే కళ్లకు అలవాటు చేసుకోండి.

ట్రాన్సాక్షన్ ఐడీ పొడవు 16 బిట్లు, అంటే 65,536 అవకాశాలు మాత్రమే. సరైన సంఖ్యను ఊహించి అసలు సర్వర్ కంటే ముందే తప్పుడు జవాబు పంపగలిగితే పేరును వేరే చిరునామాకు మళ్లించవచ్చు. 2008లో భద్రతా పరిశోధకుడు డాన్ కామిన్‌స్కీ ఈ దాడి ఎంత సులువో చూపించాక, ప్రశ్న వెళ్లే సోర్స్ పోర్టును కూడా యాదృచ్ఛికంగా మార్చడం తప్పనిసరి రక్షణగా స్థిరపడింది. మీ ప్యాకెట్లలో సోర్స్ పోర్టు ప్రతిసారీ మారుతోందో లేదో చూడండి.

ఎక్కువగా వచ్చే ఇబ్బందులు రెండు. బ్రౌజర్‌లో సైటు తెరిచారు గానీ ఒక్క డీఎన్‌ఎస్ ప్యాకెట్ కూడా కనిపించలేదంటే, బ్రౌజర్ సెట్టింగుల్లో సెక్యూర్ డీఎన్‌ఎస్ పనిచేస్తూ ఉండవచ్చు. అప్పుడు ప్రశ్నలు ఎన్‌క్రిప్ట్ అయి 443 పోర్టు మీదుగా వెళ్తాయి. అభ్యాసానికి బ్రౌజర్ బదులు కమాండ్లనే వాడమని చెప్పడానికి ఇదొక కారణం. రెండోది, విండోస్‌లో ఎన్‌ఎస్‌లుకప్ మీ ప్రశ్నకు ముందు పీటీఆర్ అనే మరో ప్రశ్న పంపుతుంది. అది డీఎన్‌ఎస్ సర్వర్ పేరు కనుక్కునే ప్రయత్నం మాత్రమే, ఎవరూ చొరబడలేదు.

అడుగు 5: టీసీపీ, కనెక్షన్ కట్టడం

దీనికి తొందరపడకుండా ఎక్కువ సమయం ఇవ్వండి, ఎందుకంటే స్కానింగ్, ఫైర్‌వాల్, అలర్టుల విశ్లేషణ అన్నీ దీనిపైనే ఆధారపడతాయి. పట్టడం మొదలుపెట్టి "కర్ల్ -4 -వీ హెచ్‌టీటీపీ://ఎగ్జాంపుల్.కామ్" కొట్టండి. విండోస్‌లో దీన్ని పవర్‌షెల్‌లో కాకుండా కమాండ్ ప్రాంప్ట్‌లో కొట్టండి. పాత పవర్‌షెల్‌లో కర్ల్ అన్న పేరు వేరే కమాండ్‌కు మారుపేరు. తర్వాత "టీసీపీ.పోర్ట్ == 80" అని వడకట్టండి.

మొదటి మూడు ప్యాకెట్లు ఎస్‌వైఎన్ (కనెక్షన్ కోసం అడగడం), ఎస్‌వైఎన్-ఏసీకే (ఒప్పుకోవడం), ఏసీకే (అందిందని చెప్పడం). ఇవి టీసీపీ ప్యాకెట్‌లో జెండాలనే గుర్తులు. మొదటిది మీ నుంచి, రెండోది సర్వర్ నుంచి, మూడోది మళ్లీ మీ నుంచి వెళ్తాయి. ఈ మూడూ పూర్తయ్యాకే అసలు అభ్యర్థన బయలుదేరుతుంది; చివర్లో ఎఫ్‌ఐఎన్ జెండాలతో ఇరువైపులా కనెక్షన్ మూసుకుంటుంది.

సరిచూసుకోవడం ఇలా: మొదటి ప్యాకెట్‌లో సీక్వెన్స్ 0, రెండోదానిలో సీక్వెన్స్ 0, అక్నాలెడ్జ్‌మెంట్ 1, మూడోదానిలో రెండూ 1గా ఉండాలి. ఆ తర్వాత మీ అభ్యర్థన ఉన్న ప్యాకెట్‌లో టీసీపీ డేటా పొడవు చూడండి. అది 75 బైట్లైతే, సర్వర్ నుంచి వచ్చే తర్వాతి అక్నాలెడ్జ్‌మెంట్ 76 అవ్వాలి. ఈ లెక్క మీ చేతితో ఒక్కసారి సరిపోతే సీక్వెన్స్ సంఖ్యలు అంటే బైట్ల లెక్కేనన్నది ఇక మరిచిపోరు.

నిజానికి మొదటి సీక్వెన్స్ సంఖ్య సున్నా కాదు. చదవడానికి వీలుగా వైర్‌షార్క్ అలా చూపిస్తుంది. ప్యాకెట్ వివరాల్లో అసలు సంఖ్య కూడా ఉంటుంది, ఊహించడానికి వీల్లేని యాదృచ్ఛిక సంఖ్యగా. "సీక్వెన్స్ ఎప్పుడూ సున్నాతో మొదలవుతుంది" అని ఇంటర్వ్యూలో చెప్పి చిక్కుల్లో పడేవారున్నారు. అలాగే మీరు పంపిన ప్యాకెట్లలో చెక్‌సమ్ (డేటా చెడిపోలేదని సరిచూసే లెక్క) తప్పని గానీ, ప్యాకెట్ పరిమాణం 1514 బైట్లను మించిందని గానీ కనిపిస్తే దాడి జరిగిందని అనుకోకండి. చెక్‌సమ్ లెక్కనూ, ముక్కలు చేసే పనినీ నెట్‌వర్క్ కార్డుకు వదిలేస్తారు. వైర్‌షార్క్ అంతకు ముందే కాపీ తీసుకుంటుంది.

గూగుల్, యూట్యూబ్ లాంటి సైట్లను బ్రౌజర్‌లో తెరిచి ఈ మూడు ప్యాకెట్ల కోసం వెతికితే దొరకకపోవచ్చు. అవి తరచుగా క్విక్ అనే ప్రోటోకాల్ వాడతాయి. అది 2021లో ప్రమాణమైంది, యూడీపీ మీద నడుస్తుంది. "యూడీపీ.పోర్ట్ == 443" అని వడకట్టి చూడండి.

అడుగు 6: హెచ్‌టీటీపీ, తెరిచిన ఉత్తరం

ఇందాక పట్టిన ప్యాకెట్లలో ఒకదానిపై కుడి క్లిక్ చేసి, ఫాలో మెనూలో టీసీపీ స్ట్రీమ్ ఎంచుకోండి. మీ అభ్యర్థన, సర్వర్ జవాబు, పేజీలోని అక్షరాలు అన్నీ చదవగలిగేలా కనిపిస్తాయి. దారిలో ఉన్న ఎవరైనా వీటిని ఇలాగే చదవగలరు.

దీని తీవ్రత తెలియాలంటే మీ యంత్రంలోనే ఒక చిన్న ప్రయోగం చేయండి. కొత్తగా ఒక ఖాళీ ఫోల్డర్ తయారుచేసి, అందులోకి వెళ్లి "పైథాన్ -ఎం హెచ్‌టీటీపీ.సర్వర్ 8080 --బైండ్ 127.0.0.1" కొట్టండి. కొన్ని కంప్యూటర్లలో పైథాన్ బదులు పైథాన్3 అనాలి. ఖాళీ ఫోల్డర్ అన్న మాటను నిర్లక్ష్యం చేయకండి, ఈ సర్వర్ ఆ ఫోల్డర్‌లోని ఫైళ్లన్నీ అడిగినవారికి ఇచ్చేస్తుంది. బైండ్ భాగం వదిలేస్తే మీ వైఫైలోని ఇతరులకు కూడా తలుపు తెరిచినట్టే.

ఇప్పుడు వైర్‌షార్క్‌లో లూప్‌బ్యాక్ (కంప్యూటర్ తనతో తానే మాట్లాడుకునే) ఇంటర్‌ఫేస్ ఎంచుకుని, వేరే కిటికీలో "కర్ల్ -యూ పరీక్ష:రహస్యం హెచ్‌టీటీపీ://127.0.0.1:8080" కొట్టండి, పేరు, పాస్‌వర్డ్‌ల స్థానంలో ఇంగ్లీషు అక్షరాల్లో ఏవైనా ఉత్తుత్తి మాటలు పెట్టండి, మీ అసలు పాస్‌వర్డ్ మాత్రం వద్దు. "హెచ్‌టీటీపీ" అని వడకట్టి, అభ్యర్థనలోని ఆథరైజేషన్ వరుసను విప్పి చూడండి. అర్థం కాని అక్షరాల వరుస ఒకటుంటుంది, దాని కిందే మీ పాస్‌వర్డ్ విడమరిచి కనిపిస్తుంది. ఆ అక్షరాలు బేస్64 రూపం. అది రాసే పద్ధతి మాత్రమే, రహస్యం చేసే పద్ధతి కాదు. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం ఈ రంగంలో కొత్తవారు చేసే పెద్ద తప్పుల్లో ఒకటి.

లూప్‌బ్యాక్ బదులు వైఫై ఇంటర్‌ఫేస్‌ను ఎంచుకుంటే ఏమీ కనిపించదు, ఎందుకంటే ఆ ప్యాకెట్లు కంప్యూటర్ దాటి బయటకు వెళ్లవు.

అడుగు 7: టీఎల్‌ఎస్, ఏది దాగుతుంది, ఏది దాగదు

హెచ్‌టీటీపీఎస్‌లో డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే ప్రోటోకాలే టీఎల్‌ఎస్. మళ్లీ వైఫై ఇంటర్‌ఫేస్‌పై పట్టడం మొదలుపెట్టి, ఐదో అడుగులోని కర్ల్ కమాండ్‌ను చిరునామా హెచ్‌టీటీపీఎస్‌గా మార్చి కొట్టండి. "టీఎల్‌ఎస్" అని వడకట్టండి. మీ కంప్యూటర్ మొదట పంపే క్లయింట్ హలో అన్న ప్యాకెట్‌ను తెరిచి, సర్వర్ నేమ్ అన్న ఎక్స్‌టెన్షన్ వెతకండి. ఎగ్జాంపుల్.కామ్ అన్న పేరు అక్కడ బయటికే కనిపిస్తుంది. పేజీ దారి, కుకీలు, పాస్‌వర్డ్, పేజీలోని విషయం మాత్రం కనిపించవు. హెచ్‌టీటీపీఎస్ ఉంటే ఏమీ తెలియదు అనేవారికీ, అన్నీ తెలిసిపోతాయి అనేవారికీ ఈ ఒక్క ప్యాకెట్ చాలు. ఎవరితో, ఎప్పుడు, ఎంత డేటా మాట్లాడారన్నది కూడా తెలుస్తూనే ఉంటుంది. సెక్యూరిటీ ఆపరేషన్స్ విభాగంలో పనిచేసేవారు చాలావరకు ఈ బయటి ఆనవాళ్లతోనే అనుమానాస్పద ట్రాఫిక్‌ను గుర్తిస్తారు.

క్లయింట్ హలోలో వెర్షన్ దగ్గర టీఎల్‌ఎస్ 1.2 అని చూసి పాతది వాడుతున్నామని తేల్చేయకండి. పాత పరికరాలు తిరస్కరించకుండా ఉండేందుకు 1.3 కూడా అక్కడ అలాగే రాస్తుంది. అసలు సంగతి సపోర్టెడ్ వెర్షన్స్ అన్న ఎక్స్‌టెన్షన్‌లో ఉంటుంది. ఖాయమైన వెర్షన్ ఏదో సర్వర్ హలోలో అదే ఎక్స్‌టెన్షన్‌ను చూసి నిర్ధారించుకోండి. ఆ ఎక్స్‌టెన్షన్ లేకపోయి, సర్టిఫికెట్ ప్యాకెట్ చదవగలిగేలా కనిపిస్తే మీది 1.2, విండోస్ 10తో వచ్చే కర్ల్‌తో ఇలా జరగవచ్చు. 1.3లో సర్టిఫికెట్ కూడా ఎన్‌క్రిప్ట్ అవుతుంది.

అడుగు 8: పోర్టు తెరిచి ఉందా, మూసి ఉందా, జవాబే లేదా

ఆరో అడుగులోని పైథాన్ సర్వర్‌ను నడవనిచ్చి, లూప్‌బ్యాక్‌పై పట్టడం మొదలుపెట్టి 8080 పోర్టుకు ఒకసారి, ఏ సర్వరూ లేని 8081కి ఒకసారి కర్ల్ పంపండి. మొదటిదానికి ఎస్‌వైఎన్-ఏసీకే వస్తుంది, రెండోదానికి ఆర్‌ఎస్‌టీ అనే, కనెక్షన్‌ను నిరాకరించే జెండా వస్తుంది. విండోస్‌లో ఆర్‌ఎస్‌టీ వచ్చాక కూడా ఎస్‌వైఎన్ మళ్లీ వెళ్లడం కనిపిస్తుంది, అది దాని అలవాటు.

మూడో స్థితి కోసం వైఫై ఇంటర్‌ఫేస్‌కు మారి "కర్ల్ -ఎం 10 హెచ్‌టీటీపీ://192.0.2.1" కొట్టండి. ఈ చిరునామాల వరుసను పుస్తకాల్లో ఉదాహరణలకే కేటాయించారు, అక్కడ ఎవరూ ఉండరు. జవాబు లేకపోవడంతో ఎస్‌వైఎన్ కొంత విరామంతో మళ్లీ మళ్లీ వెళ్తుంది. కొన్ని నెట్‌వర్క్‌లలో "చేరలేము" అన్న ఐసీఎంపీ సందేశం రావచ్చు, అదీ సరైన ఫలితమే. ఎన్‌మ్యాప్ అనే స్కానర్ ఓపెన్, క్లోజ్డ్, ఫిల్టర్డ్ అని చెప్పేది ప్రధానంగా ఈ మూడు స్పందనలను బట్టే. ఆ టూల్‌ను ఈ అడుగు తర్వాతే ముట్టుకోండి.

పింగ్‌కు జవాబు రాలేదు కాబట్టి యంత్రం ఆగిపోయిందని తేల్చడం కూడా ఈ కోవలోని పొరపాటే. విండోస్ ఫైర్‌వాల్ మామూలుగా పింగ్‌ను అడ్డుకుంటుంది. యంత్రం నడుస్తూనే ఉండవచ్చు.

నేర్చుకున్నది నిలిచిందా?

నాలుగో అడుగులోలా డీఎన్‌ఎస్ ఫ్లష్ చేశాక కర్ల్‌తో ఒక పేజీ తెప్పించి, ఆ క్యాప్చర్‌ను ఫైలుగా దాచుకోండి. వారం తర్వాత నోటుపుస్తకం చూడకుండా తెరిచి, ప్రతి జవాబునూ ప్యాకెట్ నంబరుతో సహా రాయండి: రౌటర్ మ్యాక్ ఏది? ఏ డీఎన్‌ఎస్ ప్రశ్నకు ఏది జవాబు? ఎస్‌వైఎన్‌కూ ఎస్‌వైఎన్-ఏసీకేకూ మధ్య ఎంత సమయం పట్టింది? అభ్యర్థన ఎన్ని బైట్లు, దాన్ని అందుకున్నట్టు చెప్పిన ప్యాకెట్ ఏది? కనెక్షన్‌ను ముందుగా మూసింది ఎవరు? ప్యాకెట్ నంబరు చూపించలేని జవాబును తప్పుగానే లెక్కించి, ఆ ఒక్క అడుగునే మళ్లీ చేయండి.

సాయం కోసం ఆ ఫైలును గ్రూపుల్లో పంచుకోవాలనిపిస్తే ముందు ఒక్కసారి వెతికి చూసుకోండి. అందులో మీ మ్యాక్ చిరునామా, మీరు తెరిచిన సైట్ల పేర్లు, ఎన్‌క్రిప్ట్ కాని కుకీలు ఉండవచ్చు. కావలసిన కొన్ని ప్యాకెట్లను మాత్రమే వడకట్టి, ఫైల్ మెనూలోని ఎక్స్‌పోర్ట్ స్పెసిఫైడ్ ప్యాకెట్స్ ద్వారా వేరే ఫైలుగా దాచి, దాన్నే పంపండి.